మీకు తెలుసా? లివర్‌ను పంచేటప్పుడు మధ్య సిర ఎవరి వాటా?

లివర్‌లో సగానికి పైగా కోసి ఇచ్చేసినా మళ్లీ పెరుగుతుందని ఇప్పుడు అందరికీ తెలుసు. నిజమే, కానీ పెరిగే తీరు చాలామంది అనుకునేది కాదు. కోసిన చోట కొత్త ముక్క మొలవదు. మిగిలిన ముక్కే రెండు మూడు నెలల్లో లావెక్కి లోటు పూడ్చుకుంటుంది. దాతలో మిగిలిన భాగం, రోగిలో అమర్చిన భాగం, రెండూ ఇలాగే పెరుగుతాయి. తెగిన పెద్ద సిర మాత్రం తిరిగి రాదు. తండ్రికి కొడుకో, భర్తకు భార్యో లివర్ ఇచ్చే ఆపరేషన్‌లో సర్జన్లు ముందుగా కూర్చుని తేల్చుకునేవాటిలో ఈ సిరల పంపకం ఒకటి.

వచ్చే దారులు రెండు, పోయే దారులు మూడు

గుండె పంపే రక్తంలో దాదాపు నాలుగో వంతు లివర్‌కే వెళ్తుంది. నిమిషానికి సుమారు లీటరున్నర. అందులో ముప్పావు వంతు పేగుల నుంచి పోర్టల్ వెయిన్ ద్వారా వస్తుంది, మిగతాది హెపాటిక్ ఆర్టరీ తెస్తుంది. ఇంత రక్తమూ బయటికి పోవడానికి మూడు పెద్ద సిరలున్నాయి: కుడిది, మధ్యది, ఎడమది. వీటినే హెపాటిక్ వెయిన్లు అంటారు. మూడూ లివర్ వెనకే ఉన్న ఐవీసీ అనే మహాసిరలో కలుస్తాయి. అక్కడి నుంచి గుండె చాలా దగ్గర.

కుడి సిర కుడివైపుది, ఎడమ సిర ఎడమవైపుది. వీటితో ఇబ్బంది లేదు. చిక్కంతా మధ్య సిరతోనే. అది సరిగ్గా సరిహద్దు మీద నడుస్తూ రెండు వైపుల నుంచీ రక్తం తీసుకుంటుంది.

ఆ సరిహద్దును గుర్తించింది సన్ యట్‌సేన్ గురువు

పైనుంచి చూస్తే లివర్ మీద ఒక పొర అడ్డంగా కనిపిస్తుంది. దాన్నిబట్టి కుడి, ఎడమ భాగాలను లెక్కగట్టడం చాలాకాలం సాగింది. అది తప్పని, అసలు సరిహద్దు పిత్తాశయం పడుకునే పల్లం నుంచి వెనక మహాసిర దాకా గీసిన గీతేనని 1897లో చెప్పిన సర్జన్ జేమ్స్ కాంట్లీ. స్కాట్లాండ్ మనిషి, చాలా ఏళ్లు హాంకాంగ్‌లో వైద్యం చేశాడు. అక్కడి వైద్య కళాశాలలో ఆయన శిష్యుడే తర్వాత చైనా రిపబ్లిక్ స్థాపకుడైన సన్ యట్‌సేన్. 1896లో లండన్‌లోని చైనా రాయబార కార్యాలయం సన్‌ను నిర్బంధిస్తే, పత్రికలనూ ప్రభుత్వాన్నీ కదిలించి విడిపించినవాళ్లలో కాంట్లీ ముందున్నాడు. ఆయన చూపిన గీతను సర్జన్లు నేటికీ కాంట్లీ గీత అనే అంటారు. మధ్య సిర నడిచే దారి కూడా అదే.

1957లో ఫ్రాన్స్‌కు చెందిన క్లాడ్ కుయినో మరింత లోతుకు వెళ్లి, లోపలి నాళాలనుబట్టి లివర్‌ను ఎనిమిది సెగ్మెంట్లుగా విభజించాడు. సర్జన్లు ఇప్పుడు 5, 8, 4 అంటూ మాట్లాడుకునే అంకెలు ఆయన లెక్కవే. ఈ కథకు కావలసినవి కూడా ఆ మూడే. కుడి సగంలో ముందువైపు ఉండే 5, 8 సెగ్మెంట్లు రక్తాన్ని ఎక్కువగా మధ్య సిరలోకే వదులుతాయి. ఎడమ సగంలో ఉండే 4వ సెగ్మెంటూ చాలావరకు అంతే.

60 కిలోల మనిషికి 480 గ్రాములు

రోగి బరువులో కనీసం 0.8 శాతం ఉండే లివర్ ముక్క కావాలని సర్జన్లు సాధారణంగా చూస్తారు. 60 కిలోల మనిషికి 480 గ్రాములన్నమాట. పెద్దవాళ్ల లివర్ మొత్తం పన్నెండు నుంచి పదిహేను వందల గ్రాములు తూగుతుంది. అందులో ఎడమ సగం మూడో వంతు నుంచి 40 శాతం లోపే ఉంటుంది కాబట్టి చాలామంది పెద్ద రోగులకు అది సరిపోదు. కుడి సగం తీయాల్సిందే. దాతకు కనీసం 30 శాతమైనా మిగలాలి. కొన్నిచోట్ల 35 శాతం దాటితేనే ఒప్పుకుంటారు.

చిన్నపిల్లలకు ఈ బాధ లేదు. ఎడమ చివర ఉన్న చిన్న ముక్క చాలు, మధ్య సిర జోలికి పోనక్కర్లేదు. బతికున్న మనిషి నుంచి లివర్ తీసి అమర్చడం పిల్లలతోనే మొదలుకావడానికి ఇదొక కారణం. 1988 డిసెంబర్‌లో బ్రెజిల్‌లోని సావో పాలోలో సిల్వానో రాయా తొలి ప్రయత్నం చేశాడు, ఆ పాప దక్కలేదు. 1989లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రస్సెల్ స్ట్రాంగ్ ఒక జపాన్ తల్లి లివర్ ముక్కను ఆమె కొడుక్కి అమర్చి విజయం సాధించాడు. అదే ఏడాది షికాగోలో క్రిస్టోఫ్ బ్రోల్ష్ చేశాడు. మన దేశంలో ఇది 1998 నవంబర్‌లో ఢిల్లీలో మొదటిసారి సఫలమైంది. అక్కడ పసివాడికి ఇచ్చింది తండ్రి.

పెద్దవాళ్ల నుంచి పెద్దవాళ్లకు ఇవ్వడం మొదలయ్యాకే సిరల గొడవ పైకొచ్చింది.

మరవ మూసిన మడి

కుడి సగాన్ని కాంట్లీ గీత వెంట కోసి, మధ్య సిరను దాతకే వదిలేశారనుకోండి. ముక్క పెద్దదే, చూపుకు బాగానే ఉంది. రోగికి అమర్చి క్లాంపులు తీయగానే పోర్టల్ వెయిన్, ఆర్టరీ రెండూ రక్తాన్ని తోస్తాయి. వెనకభాగం తన రక్తాన్ని కుడి సిరలోకి వదిలేస్తుంది. ముందుభాగంలోని 5, 8 సెగ్మెంట్లకు మాత్రం పోయే దారి లేదు. వాటి సిరలు కోత దగ్గర తెగి, మూసి ఉన్నాయి. పైకాలువ పారుతూనే ఉండి మరవ మూసుకుపోతే మడిలో పైరు ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. ఆ భాగం ఉబ్బుతుంది, గట్టిపడుతుంది, ముదురు నీలం రంగుకు తిరుగుతుంది. రక్తం పోయే దారి లేక ఒక్కోసారి పోర్టల్ కొమ్మలోనే వెనక్కి పారడం, రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్‌లో కనిపిస్తుంది. అలాంటి భాగం సరిగా పనిచెయ్యదు, సరిగా పెరగదు. తూకంలో 700 గ్రాములున్నా, పనికొచ్చే లివర్ అందులో ఏ 400 గ్రాములో అవుతుంది. రోగి బతకడానికి చాలినంత లివర్ ఇచ్చామనుకున్న లెక్క అక్కడ తప్పుతుంది.

అందరిలోనూ ఇంత జరగదు. కొందరిలో కుడి సిర బాగా పెద్దది, 5, 8 నుంచి వచ్చే కొమ్మలు సన్నవి; వాళ్లకు వదిలేసినా నడుస్తుంది. ఎవరిలో వదలొచ్చో, ఎవరిలో వదలకూడదో ముందు సీటీ స్కాన్ చెబుతుంది, తర్వాత థియేటర్‌లో కళ్లే చెబుతాయి. టోక్యోలో మసతోషి మాకూచి బృందం వాడిన పరీక్ష చాలా తేలికైనది. కొమ్మ సిరనూ ఆర్టరీనీ కాసేపు బిగించి చూస్తారు. రక్తం నిలిచే మేర లివర్ ఉపరితలం రంగు మారి, ఆ హద్దు స్పష్టంగా కనిపిస్తుంది. ఎంత భాగం దెబ్బతింటుందో అక్కడికక్కడే కొలవొచ్చు. చాలా కేంద్రాల్లో 5 మిల్లీమీటర్లు, అంతకు మించి వెడల్పున్న కొమ్మను వదలరు, తిరిగి కలుపుతారు.

హాంకాంగ్ ఒక దారి, సియోల్ ఇంకో దారి

1996లో హాంకాంగ్‌లోని క్వీన్ మేరీ ఆసుపత్రిలో ఫాన్ షియుంగ్ తట్, లో చుంగ్ మౌ బృందం మధ్య సిరను కుడి ముక్కతో పాటే తీసి రోగికి ఇచ్చింది. ఆగితే రోజుల్లో ప్రాణం పోయే రోగులు వాళ్లు. సిర మొత్తం వచ్చింది కాబట్టి ముందుభాగానికి దారి దొరికింది. అయితే దాతలో మిగిలిన 4వ సెగ్మెంట్ పరిస్థితి ఏమిటి? చాలామందిలో దాని రక్తం కొంత ఎడమ సిరలోకి కూడా పోతుంది కాబట్టి తట్టుకుంటుంది. కొందరిలో తట్టుకోదు. మిగిలిందే 30 శాతం చిల్లర ఉన్న దాతలో ఆ కొంచెమూ రక్తం నిలిచి మొద్దుబారితే ప్రమాదం ఎవరికి?

సియోల్‌లోని ఆసాన్ మెడికల్ సెంటర్‌లో లీ సుంగ్ గ్యూ బృందం 1998లో ఇంకో దారి పట్టింది. మధ్య సిర దాతదే. దాతకే ఉంటుంది. కుడి ముక్కలో తెగిపోయిన కొమ్మలకు బయటి నుంచి తెచ్చిన నాళం కలిపి, కొత్త మధ్య సిరను చేతులతో తయారుచేసి రోగికి పెడతారు. ఈరోజు హైదరాబాద్‌లోనూ చెన్నైలోనూ ఢిల్లీలోనూ పెద్దవాళ్లకు చేసే లివర్ మార్పిడుల్లో తరచుగా కనిపించే పద్ధతి దీని వారసత్వమే.

ఈ వాదనలో నేను సియోల్ వైపు. దాత రోగి కాదు. ఆ రోజు ఆసుపత్రికి నడిచి వచ్చిన వాళ్లలో ఏ జబ్బూ లేకుండా కత్తికి ఒళ్లు అప్పగించేది ఆ ఒక్క మనిషే. కుడి సగం ఇచ్చినవాళ్లలో ప్రాణాపాయం వెయ్యికి రెండు నుంచి ఐదు అని సాధారణంగా చెబుతారు. చిన్న సంఖ్యలా కనిపించినా ఆ ఇంట్లోవాళ్లకు అది చిన్నది కాదు. రోగికి నాలుగు కుట్లు ఎక్కువ పడితే దాతకు ఒక సిర మిగులుతుందంటే, ఆ కుట్లు వెయ్యాల్సిందే.

మంచు పళ్లెంలో గంటసేపు

దాత ఒక థియేటర్‌లో, రోగి పక్క థియేటర్‌లో. దాత నుంచి తీసిన ముక్కను మంచుముక్కలున్న పెద్ద పళ్లెంలో పెట్టి, పోర్టల్ వెయిన్ గుండా చల్లటి ద్రావణం ఎక్కిస్తారు. రక్తమంతా కడిగిపోయి లివర్ గోధుమరంగుకు పాలిపోతుంది. దాదాపు 4 డిగ్రీల చల్లదనంలో దాని ఆకలి మందగిస్తుంది కాబట్టి సర్జన్‌కు కాస్త వ్యవధి దొరుకుతుంది. ఈ పనిని బెంచ్ సర్జరీ అంటారు.

కళ్లకు లూప్స్ అనే భూతద్దాలు పెట్టుకున్న సర్జన్ కోత ముఖాన్ని పైకి తిప్పి వెతుకుతాడు. దాత ఒంట్లో ఉన్నప్పుడే గుర్తుగా క్లిప్పు వేసి ఉంచిన రంధ్రాలు అవి: కిందివైపు 5వ సెగ్మెంట్ కొమ్మ, పైవైపు 8వ సెగ్మెంట్ కొమ్మ. ఒక్కోసారి ఒక్కొక్కటే ఉంటుంది, ఒక్కోసారి పక్కపక్కనే రెండు. అంచులు పల్చటి ఉల్లిపొర మందమే. సన్నటి ప్రోలీన్ దారంతో, ఆరు సున్నా, ఏడు సున్నా అని పిలిచే సైజుల్లో, కొత్త నాళం పక్కన రంధ్రం చేసి కొమ్మను దానికి కుడతారు. కుట్టు గట్టిగా లాగితే నోరు ముడుచుకుపోతుంది, వదులైతే కారుతుంది. అయ్యాక నాళంలోకి ద్రావణం ఎక్కించి కారుతోందేమో చూస్తారు, ఎక్కడైనా చుక్క కనిపిస్తే అక్కడ ఇంకో కుట్టు.

వెనకవైపు మరికొన్ని చిన్న సిరలు నేరుగా మహాసిరలోకి తెరుచుకుంటాయి. వాటిలో పెద్దదాన్నీ వదలరు. కుడి సిర నోటినీ, దీని నోటినీ, కొత్త మధ్య సిర నోటినీ కలిపి ఒకే వెడల్పాటి నోరుగా బెంచి మీదే తయారుచేసే పద్ధతి కూడా ఉంది. అప్పుడు రోగి ఒంట్లో మూడు అతుకుల బదులు ఒక్కటి వేస్తే చాలు, సమయం కలిసొస్తుంది.

రోగిలో ముందు సిరలు కలుపుతారు, తర్వాత పోర్టల్ వెయిన్. క్లాంపులు తీసిన క్షణాన సర్జన్ చూసేది రంగు. అంతటా ఒకేలా ఎర్రబడితే దారులన్నీ తెరుచుకున్నట్టు. ముందుభాగం నల్లబడితే ఆ కొత్త సిర మడత పడిందనో, మూసుకుందనో అర్థం. ఆ తర్వాతే ఆర్టరీ, చివరికి పిత్తవాహిక.

కొత్త సిర ఎక్కడి నుంచి వస్తుంది?

రోగి కాలి నుంచి తీసిన సఫీనస్ సిర కావచ్చు, మెడ నుంచి తీసిన సిర కావచ్చు. మరణించిన దాతల నుంచి తీసి గడ్డకట్టించి దాచిన సిరలు, ధమనులు కావచ్చు. జపాన్, కొరియాల్లో వీటిని నిల్వచేసే ఏర్పాట్లున్నాయి. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచేది ఇంకొకటి. రోగి నుంచి తీసేసిన పాడైన లివర్‌లోనే మంచి నాళం దొరుకుతుంది. సిరోసిస్‌తో రాయిలా మారిన ఆ లివర్‌లోని పోర్టల్ వెయిన్ కొమ్మలను జాగ్రత్తగా విడదీసి, కొత్త లివర్‌కు మధ్య సిరగా వాడతారు. ఆ నాళం రోగి సొంతదే కాబట్టి శరీరం దాన్ని పరాయిదిగా చూడదు. కొందరు దాతల కుడి ముక్కలో పోర్టల్ వెయిన్‌కు ఒక నోటి బదులు రెండు నోళ్లుంటాయి. అప్పుడు రోగి పోర్టల్ వెయిన్ రెండుగా చీలే చోటును అలాగే కోసి తెచ్చి, ఆ రెండు నోళ్లకూ రెండు కొమ్మలు కుడతారు.

వీటిలో ఏదీ కుదరకపోతే కృత్రిమ ట్యూబు. ఈపీటీఎఫ్‌ఈ అంటారు, గోర్‌టెక్స్ పేరుతో అందరికీ తెలుసు. సాధారణంగా 10 మిల్లీమీటర్ల వెడల్పు. నొక్కుకుపోకుండా చుట్టూ రింగులున్న రకం కూడా దొరుకుతుంది. ఇది మన వంటింట్లో అట్టు అంటుకోని పెనానికి పూసే పదార్థమే. 1938లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్‌కు అనుకోకుండా దొరికింది. 1969లో బాబ్ గోర్ దాన్ని వేడిచేసి ఒక్కసారిగా గుంజితే తెగకుండా సాగి, కంటికి కనపడని రంధ్రాలతో మెత్తగా మారింది. ఆ సాగిన రూపమే ఇప్పుడు లివర్‌లో సిరగా పనిచేస్తోంది.

మన దేశంలో ఈ ట్యూబు అవసరం ఎక్కువ. పది లక్షల జనాభాకు ఏడాదికి ఒకరైనా మరణానంతర దాతలు లేరు కాబట్టి దాచిన సిరలు దొరకడం కష్టం. లివర్ మార్పిడుల్లో ఎక్కువ భాగం కుటుంబంలోని బతికున్న దాతలతోనే జరుగుతున్నదీ ఇందుకే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన జీవన్‌దాన్ అవయవదాన కార్యక్రమంలో పేరు నమోదు చేసుకునేవాళ్లు పెరిగితే, ఒక్క మరణం నుంచి లివరే కాదు, ఇంకో ఇంట్లో భార్య ఇచ్చిన ముక్కకు అవసరమైన సిర కూడా రాగలదు.

అల్లికపని నేర్చిన సర్జన్

నాళాలను కుట్టే ఈ విద్య వెనక ఒక కథ ఉంది. 1894లో ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నో లియోన్ నగరంలో కత్తిపోటుకు గురయ్యాడు. తెగింది పోర్టల్ వెయిన్. అంత పెద్ద సిరను కుట్టడం అప్పటికి ఎవరికీ చేతకాదు, ఆయన చనిపోయాడు. అదే ఊళ్లో వైద్యం చదువుతున్న అలెక్సిస్ కారెల్‌ను ఇది కుదిపేసింది. ఆయన లియోన్‌లో పట్టుబట్టల మీద ఎంబ్రాయిడరీ చేసే మదామ్ లెరుదియే దగ్గర సన్నటి సూది, దారం పట్టుకోవడం నేర్చుకున్నాడు. నాళం నోటిని మూడు చోట్ల కుట్టుతో పట్టి త్రికోణంలా సాగదీసి, మధ్యలో కుట్టుకుంటూ పోయే పద్ధతిని 1902లో ప్రచురించాడు. 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. కార్నోను బతికించలేకపోయిన ఆ పనే నేడు ప్రతి లివర్ మార్పిడిలో జరుగుతోంది, అదే పోర్టల్ వెయిన్ మీద.

1984లో అమెరికా సర్జన్ థామస్ స్టార్జల్ బృందం దీనికి ఒక చిన్న చిట్కా చేర్చింది. కుట్టు ముడిని నాళం గోడకు ఆనించి బిగించకుండా కొంచెం దూరంలో వేస్తారు. రక్తం నిండగానే దారం ఆ మేర జారి, అతుకు పూర్తి వెడల్పుకు తెరుచుకుంటుంది. గ్రోత్ ఫ్యాక్టర్ అని దానికి పేరు పెట్టారు.

ట్యూబు మూసుకుపోయినా...

మొదటి వారం రోజూ డాప్లర్ స్కాన్ చేస్తారు. కొత్త సిరలో రక్తం ఆడుతోందా లేదా అనేదే ముఖ్యమైన ప్రశ్న. గడ్డకట్టకుండా మందులూ ఇస్తారు. అయినా కృత్రిమ ట్యూబులు చాలావరకు కొన్ని నెలలకు మూసుకుపోతాయి. స్కాన్ రిపోర్టులో ఆ మాట చూసి ఇంటివాళ్లు గాభరాపడతారు. అప్పటికే లివర్ లోపల 5, 8 సెగ్మెంట్ల సిరల నుంచి కుడి సిరకు చిన్న చిన్న దారులు ఏర్పడి ఉంటాయి కాబట్టి ఆ దశలో మూసుకుపోవడం వల్ల సాధారణంగా నష్టం ఉండదు. ట్యూబు అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది మొదటి కొద్ది వారాల్లోనే. లివర్ వేగంగా పెరిగే రోజులు అవే. మొదటి వారంలోనే మూసుకుంటే మాత్రం వేరే సంగతి. అప్పుడు రేడియాలజిస్టులు లోపలి నుంచి స్టెంట్ వేసో, సర్జన్లు మళ్లీ తెరిచో చూడాల్సి వస్తుంది.

ఆపరేషన్‌కు ముందు అడగవలసినవి

మన చట్టం ప్రకారం భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు దగ్గరి బంధువులు. 2011 సవరణతో తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు, మనవలు, మనవరాళ్లు చేరారు. మిగతావాళ్లు ఇవ్వాలంటే అనుమతి కమిటీ ఒప్పుకోవాలి. కౌన్సెలింగ్‌లో దాత అడగదగ్గ ప్రశ్నలు మూడున్నాయి. నాకు ఎంత శాతం మిగులుతుంది? మధ్య సిర ఎవరి దగ్గర ఉంటుంది? ఒకవేళ నాది తీస్తే నా 4వ సెగ్మెంట్ రక్తం ఎటు పోతుంది? ఏ మంచి సర్జన్ అయినా సీటీ బొమ్మ తెరిచి వేలు పెట్టి చూపిస్తాడు.

రోగి వైపు ఒక జాగ్రత్త ఉంది. కృత్రిమ ట్యూబు లివర్ కోత ముఖం మీద, జీర్ణాశయానికీ చిన్నపేగు మొదటి భాగానికీ దగ్గరగా ఉంటుంది. మూసుకుపోయిన ట్యూబు అరుదుగా, ఏళ్ల తర్వాత కూడా, ఆ గోడను మెల్లగా ఒరుసుకుంటూ లోపలికి దిగిన సందర్భాలు కొరియాతో సహా వివిధ దేశాల నుంచి నమోదయ్యాయి. కొందరికి జ్వరం వస్తుంది, కొందరికి ఏ లక్షణమూ ఉండదు, ఏదో పనిమీద చేసిన ఎండోస్కోపీలో బయటపడుతుంది. అందుకని డిశ్చార్జి కాగితంలో ఏ నాళం వాడారో రాయించుకోవాలి. తర్వాత ఏ ఊళ్లో ఎవరు స్కాన్ తీసినా, ఎండోస్కోపీ చేసినా, లోపల ట్యూబు ఉందని ముందే చెప్పాలి.